మట్టి విడిచిన వేళ్ళు: స్ట్రాబెర్రీ మొక్క నాటు చరిత్ర

చేవెళ్ళ, మొయినాబాదు, శంకరుపల్లి ప్రాంతాల పాఠశాలలలో చదువుకునే పిల్లలలో నారు పీకడము చూడనివారు అరుదు. మిరప గాని, టమాటా గాని, వంగ గాని, నారుమడికి ముందుగా తడి పెడతారు. మట్టి మెత్తబడిన తరువాత మొక్కలను ఒడుపుగా లాగి, వేళ్ళకు అంటిన మట్టి దులిపి, కట్టలు కట్టి, తడి గోనెపట్టా కప్పి పొలానికి చేరుస్తారు. ఎండ వాలిన తరువాతనే నాటుతారు. మరునాటి మధ్యాహ్నానికి ఆ నారు తలలు వాల్చివేస్తుంది. తెలియనివాడు చూస్తే పంట పోయినదనే అనుకొంటాడు. రైతు కంగారు పడడు. సాయంత్రానికి ఆకు కొంచెము లేస్తుంది, మరునాడు మళ్ళీ వాలుతుంది, మూడవనాడు వాలడము తగ్గుతుంది. వారము తిరిగేసరికి మొవ్వులో కొత్త ఆకు కనబడుతుంది. అప్పుడు నాటు బతికినదంటాడు.

శంకరుపల్లి మండలములోని కొండకల్ వంటి ఊరిలో ఏటేటా జరిగే ఈ చిన్న పనిలో ఒక పెద్ద శాస్త్ర విషయము ఇమిడి ఉన్నది. మొక్కను మట్టి నుండి విడదీసి, వేళ్ళను గాలికి బయటపెట్టి, మరొక చోట మళ్ళీ మట్టిలో పెట్టినప్పుడు ఆ మధ్యకాలములో అది ఎట్లా బతుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలియకముందే, ఒక మొక్క ఇదే విధముగా మట్టి విడిచిన వేళ్ళతో మహాసముద్రము దాటినది. అది స్ట్రాబెర్రీ. ఈనాడు ప్రపంచమంతటా పండుతున్న పెద్ద స్ట్రాబెర్రీ పుట్టుకలో సగము, ఒక ఓడలో చావక మిగిలిన ఐదు మొక్కల చలువ అనవచ్చును.

ఆ కథకు ముందు మొక్క స్వరూపము కొంత తెలిసి ఉండవలెను. స్ట్రాబెర్రీ గులాబీ కుటుంబానికి చెందిన చిన్న మొక్క. ఆకు మారేడు దళము వలె మూడు రెక్కలు కలిగి, అంచున రంపపు పళ్ళతో ఉంటుంది. కాండము బొటనవ్రేలి కణుపును మించని పొట్టి దుంగ. ఆకులు, పూలు, వేళ్ళు అన్నీ దాని నుండే వస్తవి. తోటమాలులు దీనిని క్రౌను అంటారు. దాని నడినెత్తిన మొవ్వు ఉంటుంది. సరస్వతి ఆకు మొక్క వలె స్ట్రాబెర్రీ కూడా నేల మీద సన్నని తీగలు పారిస్తుంది. తీగ కణుపు నేలకు తగిలిన చోట పిల్ల మొక్క వేళ్ళూనుతుంది. ఈ తీగలనే రన్నర్లు అంటారు. విత్తనము నాటితే తల్లిని పోలిన మొక్క రాదు, ఒక్కొక్క గింజ ఒక్కొక్క రకముగా తేలుతుంది. రన్నరు పిల్ల మాత్రము అచ్చముగా తల్లియే. అందుచేత మంచి స్ట్రాబెర్రీ కావలెనంటే మొక్కనే మోసుకొని పోవలెను గాని గింజను పొట్లము కట్టి పంపిన చాలదు. మొక్కను మోయడమంటే దాని వేళ్ళ గొడవ తప్పదు.

1712వ సంవత్సరము జనవరిలో ఫ్రాన్సులోని సాన్ మాలో రేవు నుండి అమెదే ఫ్రాన్స్వా ఫ్రెజియే అనే సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికాకు బయలుదేరాడు. అప్పటికి అతనికి ఇంచుమించు ముప్పది ఏండ్లు. పదునాలుగవ లూయీ రాజు అతనికి అప్పగించిన పని తోటపని కాదు. చిలీ, పెరూ తీరాలలో స్పెయిను వారి కోటలు ఎట్లా ఉన్నవో, ఫిరంగులు ఎన్ని ఉన్నవో చూసి పటాలు గీసుకొని రావడము అతని బాధ్యత. వర్తకుని వేషములో తిరుగుతూ కోటలు కొలిచాడు. ఆ తిరుగుడులో కన్సెప్సియోన్ పట్టణము దగ్గర అక్కడి ఆదివాసులైన మపూచే జనులు పొలాలలో పెంచుతున్న ఒక స్ట్రాబెర్రీని చూశాడు. ఐరోపా అడవులలో ఏరుకొని తినే స్ట్రాబెర్రీ చిటికెన వ్రేలి గోరంత ఉంటుంది. చిలీ పండు అక్రోటు కాయంత ఉన్నది, కొన్ని కోడిగ్రుడ్డంత కూడా ఉన్నవి. రంగు పాలిపోయిన ఎరుపు. రుచిలో ఐరోపా అడవి పండుకు కొంచెము తీసికట్టేనని ఫ్రెజియే తన యాత్రా గ్రంథములో వ్రాశాడు. ఆ గ్రంథము 1716లో అచ్చయినది. ఫ్రెంచి భాషలో స్ట్రాబెర్రీ మొక్క పేరు కూడా అతని ఇంటిపేరు వలెనే పలుకుతుంది. ఇంటిపేరే మొక్కను ఎంచుకొన్నదా అని నవ్వుకొనడానికి ఈ పోలిక పనికివచ్చును, అంతకు మించి దానికి విలువ లేదు.

ఫ్రెజియే కొన్ని మొక్కలను త్రవ్వించి ఓడ ఎక్కించాడు. తిరుగు ప్రయాణము ఆరు నెలలు. ఉష్ణమండలము దాటవలెను. ఓడలో మంచినీరు కొలిచి పోస్తారు. మనిషి గొంతు తడవడానికే చాలని నీటిలో మొక్కలకు వంతు ఎక్కడిది? ఓడ సరుకుల అధికారి రూ ద వాల్బోన్ దయతో నీరు దొరికినది. 1714 ఆగస్టులో మార్సేయి రేవు చేరేనాటికి ఐదు మొక్కలు బతికి ఉన్నవి. పంపకము కూడా నీటి లెక్క ప్రకారమే జరిగినది. నీరిచ్చిన వాల్బోనుకు రెండు మొక్కలు వెళ్ళినవి. ఒకటి పారిస్ రాజోద్యానములోని వృక్ష శాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ ద జుస్యూకు, ఒకటి కోటల శాఖలో తన పైఅధికారికి ఇచ్చి, మిగిలిన ఒక్కటి ఫ్రెజియే తన కోసము ఉంచుకొన్నాడు. ప్రాణాలకు తెగించి గీసిన కోటల పటాలు ఈనాడు ఎవరికీ అక్కరలేదు. నీటికి బదులుగా చేతులు మారిన ఆ మొక్కల సంతతి మాత్రము నేటికీ పొలాలలో ఉన్నది.

ఆ ఓడలో మొక్కలు ఎందుకు చచ్చినవో అప్పటివారికి తెలిసే మార్గము లేదు. తెలియజెప్పే కొలతలు ఆ తరువాత పదమూడేండ్లకు వెలువడినవి. ఇంగ్లండులో మతగురువుగా ఉండిన స్టీఫెన్ హేల్స్ కుండీలో పెరుగుతున్న మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను తీసుకొని, కుండీ మీద సీసపు రేకు కప్పి, ఉదయము, సాయంత్రము త్రాసులో తూచాడు. పగటి పన్నెండు గంటలలో ఆ మొక్క సగటున 20 ఔన్సుల నీటిని గాలిలోకి విడుస్తున్నదని తేలినది. అంటే ఇంచుమించు అర లీటరుకు పైమాట. 1727లో అచ్చయిన అతని గ్రంథములో ఈ ప్రయోగము ఉన్నది. ఆకు ఊరక పచ్చగా కూర్చుండదు, నిరంతరము నీరు ఖర్చు చేస్తుంది, ఆ ఖర్చును వేరు ఎప్పటికప్పుడు భర్తీ చేయవలెను అనేది ఈ తూకముతో రుజువైనది.

వేరు ఎక్కడ నీరు తాగుతుంది? పిడికెడు వేళ్ళు కనబడుతున్నా, అందులో లావుపాటి ముదురు వేళ్ళు చేసే పని తక్కువ. వేరు కొనకు కొంచెము వెనుకగా ఉండే మూలకేశాలు, కంటికి నూగు వలె కనబడేవి, మట్టి రేణువుల సందులలోకి పోయి నీటిని పీల్చుతవి. మొక్కను పీకినప్పుడు తెగిపోయేవి సరిగా ఇవే. మట్టికి అంటుకొని మట్టితోనే ఉండిపోతవి. కనుక మట్టి విడిచిన మొక్క చేతిలో వేళ్ళ కట్ట ఉన్నట్లు కనబడినా, నోరు లేదు. దానిని నీటి మడుగులో నిలబెట్టినా చాలినంత తాగలేదు. ఆకులు మాత్రము ఎండకు తమ ఖర్చు మానవు. రాబడి ఆగి ఖర్చు సాగే సంసారము ఎన్నాళ్ళు నిలుస్తుంది? క్రౌనులో, ముదురు వేళ్ళలో దాచుకొన్న పిండిపదార్థమే అప్పుడు పెట్టుబడి. దానితో క్రౌను మొదట నుండి తెల్లని కొత్త వేళ్ళు పుట్టవలెను. పెట్టుబడి తీరేలోగా కొత్త వేరు మట్టిని పట్టుకొన్న మొక్క బతుకుతుంది.

ఈ విషయాన్ని తరగతిలో చూపడము కష్టము కాదు. ఒకే ఈడు మిరప మొక్కలు నాలుగు పీకి, వేళ్ళు కడిగి, నాలుగు కుండీలలో నాటవలెను. రెండింటిని ఎండలో, రెండింటిని నీడలో పెట్టవలెను. ప్రతి జతలో ఒకదానికి సగము ఆకులు కత్తిరించవలెను. నీరు అన్నింటికి ఒకే కొలత. మరునాటి మధ్యాహ్నము ఏది ఎంత వాలినదో వ్రాసుకొంటే, హేల్స్ త్రాసుతో చూపినది త్రాసు లేకుండానే కనబడుతుంది.

ఫ్రెజియే మొక్కల కథకు మళ్ళీ వత్తము. ఐదు మొక్కలు బతికినవి, రన్నర్లు పారించినవి, పిల్లలను పెట్టినవి. ఫ్రాన్సు, హాలండు, ఇంగ్లండు దేశాల తోటలకు పాకినవి. పూలు విరగబూసినవి. కాని కాయలు లేవు! పూసిన పూవు పూసినట్లే వాడి రాలిపోయేది. తోటమాలులు ఎరువు మార్చారు, నేల మార్చారు, ఫలితము లేదు. చిలీ స్ట్రాబెర్రీ జాతిలో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. ఫ్రెజియే పెద్ద కాయలు కాసిన మొక్కలనే ఏరి తీసుకొన్నాడు. కాయ కాసేది ఆడ మొక్క కనుక తెచ్చినవన్నీ ఆడ మొక్కలే అయినవి. రన్నరు పిల్ల తల్లి నకలు గనుక లక్ష పిల్లలు పుట్టినా ఆడ మొక్కలే. పుప్పొడి ఇచ్చే మగ మొక్కలు చిలీలోనే ఉండిపోయినవి. బుద్ధిమంతుడైన రైతు ఎవరైనా విత్తనానికి మంచి కాయనే ఏరుతాడు. ఫ్రెజియే చేసిన పొరపాటు కూడా అంత బుద్ధిమంతపు పొరపాటే.

బ్రెస్ట్ పట్టణము దగ్గరి ప్లూగాస్తెల్ రైతులు కారణము తెలియకుండానే దీనికి మందు కనిపెట్టారు. చిలీ మొక్కల వరుసల నడుమ వేరే జాతి స్ట్రాబెర్రీలు ఉన్న చోట్ల చిలీ మొక్క పెద్ద పెద్ద కాయలు కాయడము గమనించి, అట్లాగే కలిపి నాటసాగారు. ఆ ప్రాంతము తరువాతి కాలములో స్ట్రాబెర్రీకి పేరుపడి, పందొమ్మిదవ శతాబ్దములో ఇంగ్లండుకు ఓడలతో పండ్లు పంపినది. కారణము కనుగొన్నది మాత్రము పదునేడేండ్లు నిండని కుర్రవాడు. వెర్సాయి రాజభవనాల ఉద్యోగి కొడుకైన ఆంత్వాన్ నికొలా ద్యూషేన్ 1764 జూలై 6న కాయలతో నిండిన ఒక చిలీ స్ట్రాబెర్రీ కుండీని పదునైదవ లూయీ రాజుకు సమర్పించాడు. ఆడ పూల మీద కస్తూరి స్ట్రాబెర్రీ అనే ఐరోపా జాతి పుప్పొడి పడేటట్లు చేసి వాటిని కాయించాడు. రాజు సంతోషించి ఐరోపాలోని స్ట్రాబెర్రీలన్నింటినీ త్రియానో ఉద్యానానికి సేకరించడానికి అనుమతించాడు. రెండేండ్లకు, 1766లో, ద్యూషేన్ స్ట్రాబెర్రీల సహజ చరిత్రను గ్రంథముగా ప్రకటించాడు. తోటలలో అప్పటికే తలయెత్తిన, అనాసపండు వాసన గల పెద్ద స్ట్రాబెర్రీ ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అది చిలీ జాతికి, ఉత్తర అమెరికా నుండి అంతకు నూరేండ్ల ముందు వచ్చిన వర్జీనియా జాతికి పుట్టిన సంకరమని అతడు చెప్పాడు. ఈ రెండు రకాల మొక్కలు వచ్చిన చోట్లు వేల మైళ్ళ దూరములో ఉన్నవి. అవి ఫ్రెంచి తోటలలో పక్కపక్కన చేరి ఈనాటి స్ట్రాబెర్రీని కన్నవి. జీవకణములో 56 క్రోమోసోములు ఉండడము ఈ రెండు జాతులకు సమానము గనుక సంకరము సులువైనది. ఐరోపా అడవి స్ట్రాబెర్రీకి ఉన్నవి 14 మాత్రమే. ఈ 56 క్రోమోసోముల జన్యుపటము పూర్తిగా వెలువడినది 2019లో.

భారతదేశానికి ఈ ద్యూషేనుతో ఒక చిత్రమైన చుట్టరికము ఉన్నది. మన కొండ ప్రాంతాలలో పసుపు పూలు పూసి, ఎర్రని చప్పిడి కాయలు కాసే ఒక నేలపాకుడు మొక్క ఉన్నది. చూపుకు అచ్చము స్ట్రాబెర్రీయే. 1811లో ఇంగ్లీషు వృక్ష శాస్త్రజ్ఞుడు స్మిత్ దానిని వేరే ప్రజాతిగా విడదీసి, ద్యూషేన్ గౌరవార్థము ద్యూషేనియా అని పేరు పెట్టాడు. ఇండియా స్ట్రాబెర్రీ అని కొందరు పిలిచేది దీనినే. జన్యు పరిశోధనల తరువాత దానిని పొటెంటిల్లా ప్రజాతిలో కలిపివేశారు. నోటికి రుచి లేని మొక్కకు ఆ మహానుభావుని పేరు పెట్టడము న్యాయమా అనిపించక మానదు.

ఇంగ్లండులో 1821 నాటికి కీన్స్ అనే తోటమాలి పెంచిన రకము పరిమాణములోను, రుచిలోను ఆధునిక స్ట్రాబెర్రీకి దారి తీసినది. మొక్కలను ఓడలలో పంపే బాధ మాత్రము అప్పటికీ తీరలేదు. లండను వైద్యుడు నతానియేల్ వార్డ్ మూతపెట్టిన గాజు సీసాలో మొక్క నెలల తరబడి నీరు పోయకుండానే బతకడము 1829లో గమనించాడు. ఆకు విడిచిన ఆవిరి గాజుకు తగిలి నీరై మళ్ళీ మట్టిలోకే దిగుతుంది. 1833లో ఇట్టి గాజు పెట్టెలలో మొక్కలు ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియా చేరినవి. తరువాత చైనా తేయాకు మొక్కలు మన దేశానికి వచ్చినది ఈ పెట్టెలలోనే. ఆ ఉపాయము ఫ్రెజియే కాలములో ఉండిఉంటే వాల్బోనుకు రెండు మొక్కలు ముట్టేవి కావు.

ఇరవయ్యవ శతాబ్దములో మరొక సంగతి తెలిసినది. 1920లో అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్ పగటి పొడవును బట్టి మొక్కలు పూస్తవని నిరూపించారు. స్ట్రాబెర్రీ విషయములో పొడుగు పగళ్ళు, వేడి కలిస్తే రన్నర్లు పారుతవి. పొట్టి పగళ్ళు, చల్లదనము కలిస్తే పూమొగ్గ కడుతుంది. దీనితో మొక్కను పెంచే చోటు, పండించే చోటు వేరు చేయవచ్చునని తేలినది. కాలిఫోర్నియా నర్సరీలవారు ఉత్తరాన ఎత్తైన చల్లని నేలలలో మొక్కలను పెంచి, శరత్కాలములో త్రవ్వి, మట్టి దులిపి, పెట్టెలకెత్తి దక్షిణపు తీర పొలాలకు పంపుతారు. చలి సోకిన మొక్క వేళ్ళలో పిండి నిలవ ఎక్కువ. పూర్తిగా నిద్రావస్థకు చేరిన మొక్కలనైతే సున్నకు ఒకటి రెండు డిగ్రీలు దిగువను శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉంచుతారు. ఆకు లేదు కనుక ఖర్చు లేదు. ఫ్రెజియే ఓడలో మొక్కలను నీటితో కాపాడవలసి వచ్చినది, ఇక్కడ చలితో కాపాడుతున్నారు.

స్ట్రాబెర్రీ పశ్చిమ కనుమలకు చేరినది ఆంగ్లేయుల కాలములో. 1828లో మహాబలేశ్వరములో వేసవి విడిది నెలకొన్నది. సముద్రమట్టానికి సుమారు 1,350 మీటర్ల ఎత్తు, ఎర్రని ఆమ్ల నేల, చల్లని శీతకాలము. తెలుగువారికి ఆ ఊరు కొత్తది కాదు, మన కృష్ణవేణి పుట్టినది అక్కడే. ఈనాడు దేశములో పండే స్ట్రాబెర్రీలో అత్యధిక భాగము మహాబలేశ్వరము, పంచగని, వాయి ప్రాంతాలదే. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడి పద్ధతి గమనించదగినది. తల్లి మొక్కలు విదేశాల నుండి వస్తవి. వానకాలములో మహాబలేశ్వరమున కుండపోత గనుక, దిగువన వాయి పరిసరాలలో వాటిని నాటి రన్నర్లు పారిస్తారు. వర్షాలు వెనుకబట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పిల్ల మొక్కలను ఎత్తు మడులలో నాటుతారు. పెంచే రకాలలో స్వీట్ చార్లీ, వింటర్ డాన్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయములో, కామరోజా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో పుట్టినవి.

తెలుగునాట స్ట్రాబెర్రీ నిలిచిన చోటు తూర్పు కనుమలలోని లంబసింగి. ఇది చింతపల్లి మండలములో, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. ఎత్తు సుమారు 1,000 మీటర్లు. శీతకాలపు తెల్లవారుజామున అక్కడ మంచు ముసుగు పడుతుంది. ఇటీవలి సంవత్సరాలలో రైతులు మహారాష్ట్ర నుండి పిల్ల మొక్కలు తెప్పించి, మడుల మీద ప్లాస్టిక్ పొర పరచి, బిందు సేద్యముతో పండిస్తున్నారు. చలికాలములో యాత్రికులు తోటలలోకే పోయి పండ్లు కొనుక్కొంటున్నారు.

ఇక కొండకల్, చేవెళ్ళ వైపు చూతము. ఒక పటము ముందు పెట్టుకొంటే విశేషము కనబడుతుంది. మహాబలేశ్వరము, లంబసింగి, కొండకల్ మూడూ 17 డిగ్రీల అక్షాంశము దాటి, 18 లోపలనే ఉన్నవి. కనుక మూడింటికి పగటి పొడవు ఇంచుమించు ఒక్కటే. ఎంత నిండు వేసవిలోనైనా పదమూడు గంటలకు కొంచెము పైన, చలికాలములో పదకొండు గంటలకు కొంచెము పైన. తేడా అంతా ఎత్తులో ఉన్నది. కొండకల్ ప్రాంతము ఎత్తు సుమారు 600 మీటర్లు. డిసెంబరు రాత్రులు 14, 15 డిగ్రీలకు దిగుతవి గాని, అక్టోబరు మధ్యాహ్నపు ఎండ 30 డిగ్రీలు దాటుతుంది. పూమొగ్గ కట్టడానికి ఇక్కడి చలికాలము చాలును. చిక్కు అంతా నాటిన మొదటి రెండు వారాలలోనే ఉన్నది. మహాబలేశ్వరములో మబ్బు, చల్లగాలి మొక్కకు గొడుగు పట్టుతవి. ఇక్కడ ఆ గొడుగు లేదు.

ఫ్లోరిడా రైతులకు కూడా ఇదే చిక్కు. వారు నాటిన నాటి నుండి పది పన్నెండు రోజులు పగలంతా పైనుండి తుంపర కురిపించేవారు. నేల తడవడానికి కాదు, ఆకు చుట్టూ గాలిని చల్లబరచి ఆవిరి ఖర్చు తగ్గించడానికి. ఇందుకు నీరు విపరీతముగా పోతుంది. అందుచేత ఆకుల మీద తెల్లని కేయోలిన్ మట్టిని పలుచగా చల్లి, ఎండను తిప్పికొట్టి, తుంపర రోజులు తగ్గించవచ్చునా అని అక్కడి విశ్వవిద్యాలయము పరిశోధించి, తగ్గించవచ్చునని చూపినది. చేవెళ్ళ వైపు బోర్ల నీటి మీద బతికే రైతుకు తుంపర పద్ధతి అనుకరించదగినది కాదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయాలు మొయినాబాదుకు ఇరువైపులా ఉన్నంత మాత్రాన రైతు బోరులో నీరు ఊరదు. ఈ ప్రాంతపు పూల రైతులకు తెలిసిన నీడ వలయే చౌకైన గొడుగు. పది రోజులు వల కప్పి, ఆ తరువాత పూర్తిగా తీసివేయవలెను. తీయకుండా ఉంచితే మొక్క పొడుగు కాడలతో బలహీనమవుతుంది.

నాటేటప్పుడు జరిగే పొరపాట్లలో లోతు పొరపాటు ముఖ్యమైనది. మిరప, టమాటా నారును కొంచెము లోతుగా పాతినా నష్టము లేదు, టమాటా అయితే పాతిన కాండము నుండి కొత్త వేళ్ళు పెడుతుంది. ఆ అలవాటుతో స్ట్రాబెర్రీని నాటితే మొవ్వు మట్టిలో పడి కుళ్ళుతుంది. మరీ పైకి నాటితే, కొత్త వేళ్ళు పుట్టవలసిన క్రౌను మొదలు గాలికి ఎండి అవి మొనలోనే మాడిపోతవి. క్రౌను సగము మట్టిలో, సగము బయట ఉండవలెను, మొవ్వు ఆకాశము చూడవలెను. చిన్న గుంటలో పొడుగు వేళ్ళను కుక్కితే అవి కొక్కెము వలె పైకి వంగుతవి. అంతకన్న వేళ్ళను జానెడులో సగానికి కత్తిరించి నిటారుగా దింపడము మేలు. మొక్కల కట్ట విప్పగానే కాసేపు వేళ్ళు నీటిలో ముంచవచ్చును గాని రాత్రంతా నానబెట్టరాదు, వేళ్ళకు గాలి ఆడదు. అనుమానముగా ఉన్న మొక్కను ఒకదానిని నిలువునా కోసి చూడవలెను. క్రౌను లోపల తెల్లగా ఉంటే మంచిది. గోధుమ రంగు చారలు ఉంటే తెగులు మొక్కతోనే వచ్చినది, రైతు నీటిని నిందించి లాభము లేదు.

నేల సంగతి కూడా ఉన్నది. చేవెళ్ళ చుట్టుపట్ల ఎర్ర నేలలు, నల్ల నేలలు రెండూ కలవు. స్ట్రాబెర్రీకి ఉదజని సూచిక 5.5 నుండి 6.5 వరకు ఉన్న నేల ఇష్టము. సున్నము కలిసిన నల్లరేగడిలో అది 8 దాకా పోతుంది. అక్కడ ఇనుము అందక లేత ఆకులు పసుపుబారుతవి. ఉప్పును ఓర్చుకొనే శక్తి ఈ మొక్కకు చాల తక్కువ. సాధారణ పంటలలో దీని కన్న సుకుమారమైనవి అరుదు. కాబట్టి నాటిన వెంటనే గుప్పెడు ఎరువు వేసి త్వరగా పెంచుదామనుకొనే ఆత్రము ప్రమాదము. కొత్త వేరు కొనకు ఎరువు ఉప్పే. బోరు నీరు ఉప్పన అయితే ముందే పరీక్ష చేయించవలెను. ఎర్ర నేలలో, ఎత్తు మడి మీద, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అక్టోబరు చివరి వారములోనో నవంబరు మొదటి వారములోనో, సాయంత్రము పూట నాటితే ఎండ సగము పోరు తగ్గించుకొన్నట్లే.

నాటిన మొదటి వారములో పాత ఆకులు ఒకటి రెండు ఎండిపోతవి. దానికి భయపడి నీరు పెంచరాదు. పొడి బారని తడి చాలును, మడుగు కట్టిన తడిలో కొత్త వేరు ఊపిరాడక చస్తుంది. మొదటి పూలు తొందరపడి వస్తే గిల్లివేయవలెను, లేకపోతే ఆకు పెట్టవలసిన పెట్టుబడి కాయకు పోతుంది. పదవ రోజున, నీడ వల తీయడానికి ముందు, ఏదైనా ఒక మొక్క ఆకు కాడను రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగా పైకి లాగి చూస్తారు. తేలికగా లేచివస్తే ఇంకా కొన్నాళ్ళు వల ఉండవలెను. మట్టి దానిని వెనుకకు పట్టి లాగినట్లు తెలిస్తే, వల చుట్టి పక్కన పెట్టవచ్చును.